‘బృందం’ అని రాసి ఊరుకోకండి, పేర్లు వేయండి

సంపాదకుడు గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్ రాక్ బ్యాండ్ ‘ది ఫాల్’ గురించి అర పేజీ వేశారు. తెలుగు పేపర్లో ఆ పేరు చూస్తానని నేను కలలో కూడా అనుకోలేదు, పొద్దున్నే టీ పక్కన పెట్టేసి చదివాను. చదివాక మాత్రం చాలా బాధేసింది. గాయకుడు మార్క్ ఇ. స్మిత్ గురించి రాశారు, ఆయన కోపం గురించి, తాగుడు గురించి రాశారు, బాగానే ఉంది. మిగతావాళ్ల గురించి రాసింది ఒకే ఒక్క వాక్యం: ‘60 మందికి పైగా సభ్యులు వచ్చారు, వెళ్లారు’ అని. పైగా ఆ అంకెకి ఒక వింతలాగా బాక్సు కట్టారు. ఆ 60 మందిలో ఒక్కరి పేరు కూడా మీ అర పేజీలో లేదు.

ఇది నాకెందుకు అంత పట్టింపో చెప్తాను. రాజమండ్రిలో ఒక ఆర్కెస్ట్రాలో 17 ఏళ్లు బాస్ గిటార్ వాయించాను. పెళ్లిళ్లు, దసరా పందిళ్లు, శివరాత్రి జాగారాలు, ఎన్ని ప్రోగ్రాములో లెక్క లేదు. పోస్టర్ మీద గాయకుడి ఫోటో ఉండేది, కింద చిన్న అక్షరాల్లో ‘మరియు బృందం’ అని ఉండేది. ఆ బృందంలో కీబోర్డు, రిథమ్ ప్యాడ్, డోలక్, తబలా, నేను. రాత్రి 9 నుంచి తెల్లవారుజామున 3 దాకా వాయించేవాళ్లం. నా పేరు ఒక్కసారి కూడా ఎక్కడా అచ్చు కాలేదు. ఇప్పుడు దాని గురించి ఏడవడానికి రాయడం లేదు, కానీ మీ బాక్సు చూడగానే ఆ పోస్టరే కళ్ల ముందు కనిపించింది.

ఫాల్ చరిత్ర సగం తెలిసినా అంకె దగ్గర ఆగిపోబుద్ధి కాదు. 1976లో మాంచెస్టర్‌లో ‘సెక్స్ పిస్టల్స్’ అనే పంక్ బ్యాండు కచేరీ జరిగిన ఏడాదే ఈ బ్యాండు మొదలైంది. మొదలుపెట్టింది ఒక్క స్మిత్ కాదు. మార్టిన్ బ్రామా, టోనీ ఫ్రియెల్, యూనా బెయిన్స్, స్మిత్, నలుగురూ స్నేహితులు. స్మిత్ అప్పటికి రేవులో గుమాస్తా ఉద్యోగం చేసేవాడు. 1979 అయ్యేసరికి ఆ నలుగురిలో స్మిత్ ఒక్కడే మిగిలాడు, అది నిజమే. కానీ మిగిలింది ఒక్కడే కాబట్టి చేసిందీ ఒక్కడే అనేస్తే ఎలా?

1979లోనే స్టీవ్ హాన్లీ వచ్చాడు. బాస్. మీ వ్యాసంలో ఈయన పేరు లేకపోవడం నేను అస్సలు జీర్ణించుకోలేకపోతున్నాను. 19 ఏళ్లు, 1998 దాకా, ఆ బ్యాండుకి అడుగు ఆయనే. ఫాల్ పాట అంటే ఒకే ముక్క మళ్లీ మళ్లీ తిరుగుతూ ఉంటుంది, మన భజనల్లో ఒకే నామాన్ని తిప్పి తిప్పి అంటూ ఉంటే కాసేపటికి మనిషి దాంట్లోకి వెళ్లిపోతాడు చూడండి, అలాంటిది. అలా తిప్పాలంటే కింద ఎవరో ఒకరు కదలకుండా నిలబడాలి, చెయ్యి నొప్పెట్టినా వేగం మారకూడదు, బలం తగ్గకూడదు. వాయించేవాడికి తెలుస్తుంది అదెంత కష్టమో, ఐదు నిమిషాలు ఒకే నాలుగు స్వరాలు వాయించడం కంటే యాభై స్వరాలు వాయించడం సులువు. స్మిత్ పాడడు, దాదాపు మాట్లాడతాడు, ఒక్కోసారి తిడుతున్నట్టు ఉంటుంది. ఆ మాటలకి రాగం లేదు కాబట్టి పాటని పాటగా నిలబెట్టే పని మొత్తం వెనక ఉన్నవాళ్ల మీద పడింది. 1982లో వచ్చిన ‘హెక్స్ ఎండక్షన్ అవర్’ రికార్డు వినండి, అందులో ఇద్దరు డ్రమ్మర్లు, కార్ల్ బర్న్స్, స్టీవ్ తమ్ముడు పాల్ హాన్లీ. ఇద్దరూ కలిసి కొడుతుంటే హెడ్‌ఫోన్లో కాదు, ఛాతీలో తెలుస్తుంది. పాల్ 1980లో చేరేనాటికి ఇంకా బడి వయసు పిల్లాడే. గిటార్ క్రెయిగ్ స్కాన్లన్, బ్యాండులో 16 ఏళ్లు ఉన్నాడు. వీళ్లు ‘వచ్చారు, వెళ్లారు’ అనదగ్గ మనుషులేనా?

1983లో అమెరికా అమ్మాయి బ్రిక్స్ గిటార్ పట్టుకుని వచ్చింది, స్మిత్‌ని పెళ్లి చేసుకుంది, ఆమె వచ్చాక పాటల్లో కాస్త వెలుగు వచ్చింది, జనం పట్టుకుని పాడుకోగలిగే ముక్కలు వచ్చాయి. 1989లో వెళ్లిపోయింది, 1994లో మళ్లీ వచ్చింది, రెండేళ్లకి మళ్లీ వెళ్లింది. ఆమె ఉన్నప్పటి రికార్డు, లేనప్పటి రికార్డు పక్కపక్కన పెట్టి వింటే ఎవరికైనా తేడా తెలుస్తుంది. బీబీసీ రేడియోలో పాటల ప్రోగ్రాము నడిపిన జాన్ పీల్ ఈ బ్యాండుని 1978 నుంచి 2004 దాకా 24 సార్లు పిలిచి వాయింపించుకున్నాడు. ఎప్పుడూ వేరుగా ఉంటారు, ఎప్పుడూ అలాగే ఉంటారు అని ఆయన అన్న మాట మీరూ రాశారు. ‘అలాగే’ అన్నది స్మిత్ గొంతు అనుకుందాం. మరి ‘వేరుగా’ అన్నది ఎవరి వల్ల?

మీరు బాగా వాడుకున్న ఇంకో మాట, ‘నేనూ మీ అమ్మమ్మా కలిసి బోంగోలు (చేత్తో కొట్టే చిన్న డ్రమ్ములు) వాయించినా అది ఫాలే’ అని స్మిత్ అన్నాడని చెప్పే మాట. ఆ మాట నాకు నచ్చదు. స్మిత్ మేధావి, ఆ పాటల్లో మాటలు రాయగలిగినవాడు ఇంకొకడు లేడు, అది ఎవరూ కాదనరు. కానీ కచేరీ మధ్యలో వచ్చి వాయించేవాళ్ల యాంప్లిఫయర్ నాబ్‌లు తిప్పేసేవాడు, అది రహస్యమేం కాదు, వీడియోలు ఉన్నాయి. సౌండ్ చెక్‌లో గంట కూర్చుని మన సౌండ్ మనం సెట్ చేసుకున్నాక, పాట నడుస్తుండగా పక్కనుంచి ఒక చెయ్యి వచ్చి వాల్యూమ్ తగ్గించేస్తే ఆ మనిషికి గుండెల్లో ఎలా ఉంటుందో నేను చెప్పగలను. అయినా వాళ్లు ఆపలేదు, వాయించారు. 1998 ఏప్రిల్‌లో న్యూయార్క్‌లో వేదిక మీదే గొడవ జరిగి, హాన్లీ, బర్న్స్, గిటారిస్టు టామీ క్రూక్స్ వెళ్లిపోయారు. 2006లో అమెరికా పర్యటన మధ్యలో ముగ్గురు ఇంటికి తిరిగి వెళ్లిపోతే, అప్పటికప్పుడు అమెరికా కుర్రాళ్లు ముగ్గురు వచ్చి ఆ పర్యటన నడిపారు, తర్వాత రికార్డు కూడా చేశారు. ఇది స్మిత్ మొండితనానికి గుర్తుగానే అందరూ చెప్తారు. ఆ పాటలు అంత త్వరగా నేర్చుకుని వేదికెక్కిన ఆ ముగ్గురి పనితనం సంగతి ఎవరూ ఎత్తరు.

చివరి పదేళ్లు పీట్ గ్రీన్‌వే గిటార్, డేవ్ స్పర్ బాస్, కీరన్ మెల్లింగ్ డ్రమ్స్. రోజుకొకరు మారిపోయే బ్యాండు అని మీరు రాసిన కాలంలోనే ఈ ముగ్గురూ కదలకుండా ఉన్నారు. 2017 నవంబర్‌లో గ్లాస్గోలో ఆఖరి కచేరీకి స్మిత్ చక్రాల కుర్చీలో వచ్చాడు, వెనక వాయించింది వీళ్లే. 2018 జనవరి 24న ఆయన 60 ఏళ్ల వయసులో క్యాన్సర్‌తో పోయాడు. బ్యాండు అక్కడితో అయిపోయింది, అవ్వాలి కూడా. కానీ సంగీతం ఆగలేదు, ఈ ముగ్గురూ ‘ఇంపీరియల్ వ్యాక్స్’ అని పెట్టుకున్నారు, తర్వాత బ్రామా, హాన్లీ అన్నదమ్ములు, గ్రీన్‌వే, డ్రమ్మర్ సైమన్ వోల్‌స్టెన్‌క్రాఫ్ట్ కలిసి 2023లో ‘హౌస్ ఆఫ్ ఆల్’ పేరుతో రికార్డు తెచ్చారు. 1976 మనిషీ 2017 మనిషీ ఒకే గదిలో కూర్చుని వాయించారు. నాకైతే ఈ మొత్తం కథలో అన్నిటికంటే అందమైన సంగతి ఇదే.

2019లో మా అబ్బాయి మాంచెస్టర్ పక్కన సాల్ఫర్డ్‌లో చదువుకుంటున్నప్పుడు నెలన్నర వాడి దగ్గర ఉన్నాను. ఒకరోజు ట్రామ్ ఎక్కించి ప్రెస్ట్‌విచ్ తీసుకెళ్లాడు, స్మిత్ పెరిగిన ఊరు. అక్కడ చేపలు, చిప్స్ అమ్మే కొట్టు గోడ మీద ఆయన ముఖం గోడంత పెద్దగా వేశారు. చాలా బాగుంది, చెయ్యెత్తి దణ్ణం పెట్టాను కూడా. వాన పడుతోంది, మా అబ్బాయి వెళ్దాం నాన్నా అంటున్నాడు, నేను మాత్రం ఆ గోడ చివరిదాకా వెళ్లి ఇంకెవరి పేరైనా రాసి ఉందేమోనని వెతికాను. నాకు కనిపించలేదు.

కాబట్టి నేను అడిగేవి రెండు. వచ్చే అనుబంధంలో ఫాల్ వాద్యకారుల పేర్లు, కనీసం పదేళ్లు దాటి వాయించినవాళ్లవైనా, ఆ బాక్సు సైజులోనే వేయండి. రెండోది మన దగ్గరిది. దసరా వస్తోంది, మీ జిల్లా పేజీల్లో ఆర్కెస్ట్రా వార్తలు రోజూ వస్తాయి. ఫలానా గాయని, వారి బృందం అలరించారు అని రాసే ముందు మీ విలేకరిని స్టేజీ వెనక్కి పంపించి ఐదు పేర్లు అడిగి రాసుకోమనండి. రెండు నిమిషాల పని. వాళ్లు అక్కడే ఉంటారు, వైర్లు చుడుతూ.

ఈ ఉత్తరం పొడవైంది, మీకు జాగా చాలదని తెలుసు. నా సంగతి చెప్పుకున్న పేరా తీసేయండి, గోడ సంగతి తీసేయండి. పేర్లు మాత్రం ఉంచండి.

ఇట్లు,
మీ పాఠకుడు, బాస్ గిటార్ వాద్యకారుడు,
రాజమహేంద్రవరం