టైల్స్ కింద ఎర్త్ పిట్, కాగితం మీద ‘ఎర్తింగ్ ఓకే’

సంపాదకులు గారికి నమస్కారం.

వానలు మొదలైతే చాలు, జిల్లా పేజీలో ఇనుప దండెం మీద తడిబట్టలు ఆరేస్తుంటే షాక్ కొట్టిందనో, బోరు స్టార్టరు ముట్టుకుంటే ప్రాణం పోయిందనో వార్త కనిపిస్తూనే ఉంటుంది. అయ్యో అనుకుని పేజీ తిప్పేసేవాణ్ని. ఈ ఎండాకాలం అలాంటి వార్త మా ఇంటి గడప దాకా వచ్చి వెనక్కి పోయింది కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను. కాస్త పెద్దదే అయింది. ఎక్కడైనా కోసుకోండి గానీ అంకెలు మాత్రం కోయకండి, గొడవంతా వాటి గురించే.

మాది నల్గొండ, రామగిరి వైపు. 2004లో కింద కట్టుకున్నాం, 2013లో పైన రెండు పోర్షన్లు వేశాం. ఇప్పుడు కింది భాగం చిన్నపిల్లల బడికి కిరాయికి ఇచ్చి, పైన ఒక పోర్షన్‌లో మేముంటున్నాం, పక్క దాంట్లో ఒక కుటుంబం ఉంటోంది. ఏప్రిల్‌లో బడివాళ్లు వచ్చి, ఫైల్లో పెట్టాలి, ఎలక్ట్రికల్ సేఫ్టీ రిపోర్ట్ ఒకటి కావాలి అన్నారు. తెలిసినవాళ్లను అడిగితే లైసెన్స్ ఉన్నాయన ఒకరిని పంపించారు. ఆయన వచ్చింది, పోయింది కలిపి ఇరవై నిమిషాలు. జేబులోంచి టెస్టర్ తీసి రెండు సాకెట్లలో పెట్టి చూశాడు, డీబీ (కరెంటు ఎక్కువైతే పడిపోయే ఎంసీబీ స్విచ్‌లుండే పెట్టె) మూత తెరిచి మూశాడు, చాయ్ తాగాడు. పదిహేను వందలు తీసుకున్నాడు. మర్నాడు లెటర్‌హెడ్ మీద ఇంగ్లిష్‌లో నాలుగు లైన్లు వచ్చాయి. వైరింగ్ జనరల్లీ శాటిస్‌ఫాక్టరీ, ఎర్తింగ్ ఓకే, ఎంసీబీలు గుడ్ కండిషన్. కింద స్టాంపు, సంతకం.

నిజం చెప్పాలంటే నేను సంబరపడ్డాను. పని అయిపోయింది కదా. బడివాళ్లు కూడా చదవలేదు, స్టాంపు ఉందో లేదో చూసుకుని ఫైల్లో పెట్టేసుకున్నారు.

మూడు వారాలు తిరగకముందే పక్క పోర్షన్ అమ్మాయి తలుపు కొట్టి, “అంకుల్, గీజర్ వేసి నల్లా ముట్టుకుంటే చెయ్యి జుమ్మంటోంది” అంది. వెంటనే గీజర్ మెయిన్ తీసేయమని చెప్పి, కింద కూర్చుని ఆ కాగితం మొదటిసారి సరిగ్గా చదివాను. ఎర్తింగ్ ఓకే. ఇంతకీ లీకైన కరెంటును భూమిలోకి పంపే గుంత, మా ఎర్త్ పిట్, ఎక్కడుంది? 2019లో పార్కింగ్‌లో టైల్స్ వేయించినప్పుడు, ఆ గుంత మూత ఎత్తుగా ఉండి బండి తగులుతోందని, దాని మీదుగానే టైల్స్ పరిపించింది నేనే. అంటే ఆ పిట్‌ను ఆరేళ్లుగా ఎవరూ చూసి ఉండరు, చూడాలన్నా చూడలేరు. మరి ఈయన దేన్ని చూసి ఓకే రాశాడు?

ఫోన్ చేసి అడిగితే ఆయన చాలా మామూలుగా, “సాకెట్ పై బెజ్జంలో టెస్టర్ పెడితే లైటు రాలేదు గదా సార్, అంటే మంచిగనే ఉన్నట్టు” అన్నాడు. ఇది కొంచెం ఆగి చెప్పుకోవాల్సిన మాట. మూడు పిన్నుల సాకెట్‌లో పైనున్న పెద్ద బెజ్జం ఎర్త్‌ది. అందులో టెస్టర్ వెలగలేదంటే ఆ క్షణాన అక్కడికి కరెంటు రావడం లేదని మాత్రమే అర్థం. దాని వెనకున్న పచ్చ వైరు భూమి దాకా పోయిందా, సగంలో తెగి గోడలో ఉందా, అసలు వైరే లేదా అన్నది టెస్టర్ చెప్పదు. వైరు లేని బెజ్జంలో కూడా లైటు వెలగదు! నలభై రూపాయల టెస్టర్‌తో ఎర్తింగ్‌కు సర్టిఫికెట్ ఇచ్చేశారన్నమాట.

సరే అని ఇంకొకాయన్ని పిలిపించాను. ఈయన ఇరవై అయిదు వందలు తీసుకుని పూర్తిగా తిరగేసి రాశాడు. ఎర్తింగ్ వీక్, వైరింగ్ పాతబడింది, ప్రమాదకరం, ఇల్లంతా రీవైరింగ్ చేయించాలి. దాంతో పాటే లక్షా ఎనభై వేలకు కొటేషన్. పనిచేసేది ఆయన మనుషులే. వీక్ అంటే ఎంత అని అడిగితే, “అనుభవం సార్, చూడంగనే తెలుస్తది” అన్నాడు. ఒకాయన అంతా బాగుంది అన్నాడు, ఇంకొకాయన అంతా పోయింది అన్నాడు, ఇద్దరి కాగితంలోనూ ఒక్క అంకె లేదు. మొదటాయన్ని నమ్మితే కింద ముప్పై మంది పిల్లలున్నారు, రెండో ఆయన్ని నమ్మితే నా పెన్షన్ డబ్బులు గోడల్లోకి పోతాయి. వారం రోజులు నిద్ర లేదు. టెన్షన్ తట్టుకోలేక మా ఆవిడ అయితే ఇల్లు ఖాళీ చేయించేద్దామంది.

మూడో మనిషి దొరకడం మా అదృష్టం. మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో మోటార్లు చూసే కుర్రాడు, డిప్లొమా చదివాడు, లైసెన్స్ ఉంది, అన్నిటికంటే ముఖ్యం సొంత మెగ్గర్ (వైర్ల ఇన్సులేషన్, అంటే పై తొడుగు, ఎంత గట్టిగా ఉందో కొలిచే మీటరు), ఎర్త్ టెస్టర్ ఉన్నాయి. ఆదివారం పొద్దున తొమ్మిదికి వచ్చి ఒంటిగంట దాకా ఉన్నాడు, నాలుగు వేలు తీసుకున్నాడు. ముందు నాతో రెండు టైల్స్ పగలగొట్టించాడు. గుంతలో తడి నిలపాల్సిన ఉప్పు లేదు, బొగ్గు లేదు, ఎండిపోయిన మట్టిలో తుప్పు పట్టిన పైపు. పక్కింటి ఖాళీ ప్లాటులోకి వైర్లు లాగి, అక్కడ రెండు చువ్వలు దిగ్గొట్టి కొలిచాడు. 38 ఓమ్‌లు వచ్చింది. కరెంటు భూమిలోకి పోవడానికి ఎంత అడ్డముందో చెప్పే అంకె అది, తక్కువుంటేనే మంచిది. ఇళ్లకు 5 ఓమ్‌ల లోపు ఉండేట్టు చూసుకుంటాం అన్నాడు. మన నేల సంగతి తెలిసిందే, నాలుగడుగులు తవ్వితే రాయి, మే నెల వచ్చిందంటే తడి అన్నది కనపడదు.

ఆ 38కి అర్థమేంటో సిమెంటు గోడ మీద సుద్దముక్కతో లెక్క కట్టి చూపించాడు. గీజర్ లోపల ఫేజ్ వైరు బాడీకి తగిలిందనుకోండి, 230ని 38తో భాగిస్తే 6 ఆంపియర్లు. ఆ ఎర్త్ గుండా పోగలిగేది మహా అయితే అంతే. బాత్రూముకు ఉన్నది 16 ఆంపియర్ల ఎంసీబీ. 6 పోతుంటే దానికి చీమ కుట్టినట్టు కూడా ఉండదు, పడదు. గీజర్ బాడీ, దానికి తగిలించిన పైపు, నల్లా అన్నీ కరెంటుతోనే ఉంటాయి. ‘ఎంసీబీలు గుడ్ కండిషన్’ అన్న మొదటి రిపోర్టు అబద్ధమేమీ కాదు, ఎంసీబీ బాగానే ఉంది, మనిషి పోయినా అది బాగానే ఉండేది.

ఇలాంటప్పుడు కాపాడాల్సింది ఆర్‌సీసీబీ. 30 మిల్లీ ఆంపియర్లు బయటికి లీకైతే చాలు, క్షణంలో కట్ చేయాలి. పైన వేసినప్పుడు పెట్టించాం కూడా. దాని మీద ‘టి’ అని రాసిన బటన్ నొక్కితే అది కదలలేదు. మూత విప్పితే తెలిసింది, ఊరికే పడిపోతోందని ఎప్పుడో ఎవరో వైర్లను దాన్ని తప్పించి నేరుగా కలిపేశారు. బొమ్మలా ఉంది. ఎవరు చేశారని కిరాయిదార్లను అడగలేదు, అడిగితే ఒకవేళ నేనే చేయించానని తేలుతుందేమోనన్న భయం నాకుంది!

తర్వాత మెగ్గర్ పెట్టాడు. మెయిన్ ఆపి, సామాను ప్లగ్గులన్నీ పీకించి, 500 వోల్టుల డీసీ ఒక నిమిషం పాటు ఇచ్చి ఒక్కో సర్క్యూట్ ఇన్సులేషన్ చూడాలట, కనీసం 1 మెగా ఓమ్ రావాలట. మా ఇంట్లో మిగతావన్నీ 50 పైనే వచ్చాయి, 2004 నాటి కింది వైరింగ్‌తో సహా. ఒక్క పక్క పోర్షన్ బాత్రూముది మాత్రం 0.3. గీజర్ పాయింట్ పెట్టె విప్పితే లోపల నీటి చెమ్మ, గోడ వెనక ట్యాంకు పైపు కారుతోంది. అంటే ఇల్లంతా రీవైరింగ్ అక్కర్లేదు. ఆ ఒక్క సర్క్యూట్ మార్చి, పైపు బాగుచేయించి, కొత్తగా రెండు ఎర్త్ పిట్లు వేసి, కొత్త ఆర్‌సీసీబీ పెట్టిస్తే మొత్తం ముప్పై ఒక్క వేలు అయింది. రెండో గుంతకు అయిదడుగుల్లోనే రాయి తగిలి పక్కకు జరిపాం, లేకపోతే ఇంకొంచెం తగ్గేది. మళ్లీ కొలిస్తే 4.2 ఓమ్‌లు. ఈసారి నీళ్లు పోయడానికి మూత పైకే ఉంచాను, బండి తగిలితే తగలనీ.

ఇంగ్లండ్‌లో ఉండే మా మేనల్లుడికి ఇదంతా చెప్తే నవ్వాడు. వాడికి అక్కడ కిరాయికిచ్చిన చిన్న ఇల్లుంది. అక్కడ 2020లో వచ్చిన రూల్ ప్రకారం ఇల్లు కిరాయికిచ్చే ఓనర్లు కనీసం అయిదేళ్లకోసారి వైరింగ్ తనిఖీ చేయించాలి, రిపోర్టు కాపీ 28 రోజుల్లో కిరాయిదారు చేతిలో పెట్టాలి. లోపాలకు కోడ్‌లుంటాయి. సి1 అంటే ఇప్పుడే ప్రమాదం, సి2 అంటే ప్రమాదం కాగలదు, సి3 అంటే బాగుచేసుకుంటే మంచిది, ఎఫ్‌ఐ అంటే ఇంకా లోతుగా చూడాలి. సి3 తప్ప ఏది పడినా ఇల్లు ఫెయిల్. ఇంత ఉన్నా అక్కడా ఇదే గోలట. వాడి రిపోర్టులో లైటింగ్ సర్క్యూట్‌కు ఎఫ్‌ఐ అని రాసి, ఎందుకో రాయలేదట, పైగా ఆ ‘ఇంకా లోతుగా చూడటానికి’ విడిగా డబ్బులడిగారట. కానీ వాడొక మాటన్నాడు, అది నాకు పట్టుకుంది. అక్కడి ఫారంలో ప్రతి సర్క్యూట్‌కు రీడింగులు రాసే గళ్లుంటాయి, ఆ గడి ఖాళీగా కనిపించింది కాబట్టి నేను అడగగలిగాను అన్నాడు. మన కాగితంలో గడే లేదు, ఖాళీ ఎక్కడ కనిపిస్తుంది?

మనకు రూల్స్ లేవని కాదు. వైరింగ్‌కు ఐఎస్ 732, ఎర్తింగ్‌కు ఐఎస్ 3043 ఉన్నాయి, కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2023లో తెచ్చిన భద్రతా నిబంధనలున్నాయి. కొత్త సర్వీసు తీసుకునేటప్పుడు లైసెన్స్ కాంట్రాక్టరు సంతకంతో టెస్ట్ రిపోర్టు కూడా ఇస్తాం. అది ఎలా తయారవుతుందో ఇల్లు కట్టుకున్న ప్రతివాళ్లకూ తెలుసు, నన్ను రాయించకండి. ఆ తర్వాత ఇరవై ఏళ్లయినా మా గడప తొక్కి చూసినవాళ్లు లేరు.

నేను అడిగేది చిన్నదే. రాష్ట్ర ప్రధాన విద్యుత్ తనిఖీ అధికారి కార్యాలయం కిరాయి ఇళ్లకు, బడులకు, హాస్టళ్లకు తెలుగులో ఒకే ఒక్క పేజీ ఫారం తయారుచేసి పెడితే చాలు. ఎర్త్ ఎన్ని ఓమ్‌లు, ఏ నెలలో కొలిచారు, ఒక్కో సర్క్యూట్ ఇన్సులేషన్ ఎంత, ఆర్‌సీసీబీ పడిందా లేదా, ఏ మీటరుతో చూశారు, ఏది చూడలేకపోయారు. ఈ చివరి గడి అన్నిటికంటే ముఖ్యం. ‘పిట్ టైల్స్ కింద ఉంది, కొలవలేదు’ అని మొదటాయన ఒక్క ముక్క రాసి ఉంటే ఆ రోజే టైల్స్ పగలగొట్టేవాణ్ని. ఓనర్లకు కూడా ఒక మాట. పదిహేను వందలకు నాలుగు గంటల పని రాదు. బేరమాడింది మనమే.

కొత్త రిపోర్టు జిరాక్స్ తీసి డీబీ తలుపు లోపల అంటించాను, పక్క పోర్షన్ అమ్మాయి ఫోన్లో ఫొటో తీసుకుంది. ఇంకో కాపీ కింద బడికి తీసుకెళ్లి, పాతది తీసేసి ఇది పెట్టండమ్మా అన్నాను. ఆఫీసులో ఉండే ఆవిడ అటూ ఇటూ తిప్పి చూసి, “ఆ ఓకే అన్న రిపోర్ట్ సబ్మిట్ అయిపోయింది అంకుల్, ఇందులో అన్నీ అంకెలే ఉన్నాయి, చూసేవాళ్లు అడిగితే ఏం చెప్పాలి” అని వెనక్కిచ్చేసింది.

ఇట్లు,
ఒక ఇంటి ఓనరు,
రామగిరి, నల్గొండ