కొత్త పాఠాలు ఇకపై గోడాట్‌లో

అనంతపురంలోనూ చుట్టుపక్కల ఊళ్లలోనూ మాతో టచ్‌స్క్రీన్ పాఠాలు, షోరూమ్ కేటలాగ్‌లు చేయించుకున్న అందరికీ నమస్కారం. ఈమధ్య ఫోన్ చేసే స్కూల్ కరస్పాండెంట్లు ఎక్కువగా అడుగుతున్నది ఒకటే: "కొత్తవి దేంట్లో చేస్తారు సార్? ఫ్లాష్ మాదిరి మళ్లీ మూలపడవు కదా?"

అడగాల్సిన మాటే. పాత పాఠాలకు వాడిన ఫ్లాష్‌ను దాని కంపెనీ అడోబీ 2020 డిసెంబర్ 31తో వదిలేసింది. 2021 జనవరి 12 నుంచి ప్లేయర్‌లో ఏదీ నడవకుండా ఆపేసింది. డబ్బు పోసి కొన్న సీడీలు బీరువాల్లో ఉండిపోయాయి.

మేం ఎంచుకున్నది గోడాట్, అంటే గేమ్‌లు, ఇలాంటి టచ్‌స్క్రీన్ పాఠాలు తయారుచేసే సాఫ్ట్‌వేర్. ఉచితమే, ఎంఐటీ లైసెన్స్ (ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు అనే అనుమతి). సోర్స్ కోడ్ అందరికీ దొరుకుతుంది కాబట్టి దాన్ని తయారుచేసేవాళ్లు రేపు మానుకున్నా మన దగ్గరున్న వెర్షన్‌ను ఎవరూ ఆపలేరు. 2023 సెప్టెంబర్‌లో ఇలాంటి సాఫ్ట్‌వేరే చేసే యూనిటీ కంపెనీ ఇన్‌స్టాల్‌కు ఇంతని ఫీజు ప్రకటించి, గొడవయ్యాక మరుసటి ఏడాది రద్దు చేసుకుంది. నిజానికి మన అమ్మకాలకు ఆ ఫీజు తగిలేదే కాదు.

తేల్చింది మాత్రం తెలుగే. యూనిటీలో అక్షరాలు చూపించడానికి మామూలుగా వాడే టెక్స్ట్‌మెష్ ప్రోకు వత్తులు కూర్చడం రాదు. "శాస్త్రం" అని టైపు చేస్తే త, ర కిందికి దిగవు, పొల్లులతో పక్కపక్కన నిలబడతాయి. మూడో తరగతి పిల్లకు అది చూపించి చదవమంటామా? ప్రతి వాక్యాన్నీ బొమ్మగా చేసి అతికించొచ్చు, కానీ ఒక్క అక్షరం దిద్దాలన్నా మళ్లీ బొమ్మ చేయాలి. పాత గోడాట్ 3 కూడా ఇంతే. 2023 మార్చిలో వచ్చిన 4.0లో వత్తులు, గుణింతాలు సరిగ్గా కూర్చే హార్ఫ్‌బజ్ చేరింది, అప్పటినుంచి అక్షరాలు అచ్చు పుస్తకంలో ఉన్నట్టే వస్తున్నాయి. విండోస్, ఆండ్రాయిడ్, లైనక్స్ మూడింటికీ ఒకే ప్రాజెక్ట్ నుంచి తీసి ఇవ్వొచ్చు.

ఇబ్బందులూ ఉన్నాయి. వీడియో నేరుగా ఆగ్ థియోరా అనే ఫార్మాట్‌లోనే ఆడుతుంది. మీరు పంపే ఎంపీ4లు మేం మార్చుకుంటాం, దానికి వేరే డబ్బు లేదు, కానీ క్వాలిటీ కాస్త తగ్గుతుంది. అందుకే ఒరిజినల్ ఫైల్ పంపండి, వాట్సాప్‌లో నలిగింది వద్దు.

ధర్మవరం చీరల కొట్లకు ఈ మార్పు లేదు. ఫొటోలు, రేట్లు, ఆర్డర్ బటన్ ఉండే యాప్‌కు ఫ్లటర్ (యాప్‌లు చేసే గూగుల్ సాఫ్ట్‌వేర్) చాలు, అందులోనూ తెలుగు బాగానే వస్తుంది.

పాత ఫ్లాష్ పాఠాలకు ఎఫ్‌ఎల్‌ఏ ఫైళ్లు (పాఠం తయారుచేసిన అసలు ఫైళ్లు) ఉంటే తెండి, బొమ్మలూ ఆడియో బయటికి తీయొచ్చు. సీడీ ఒక్కటే ఉంటే కొత్త పని కిందే లెక్క.

ఇక ఐఫోన్. దానికి మ్యాక్ కావాలి, ఆపిల్‌కు ఏటా 99 డాలర్లు కట్టాలి. గూగుల్ ప్లేకైతే ఒక్కసారి 25 డాలర్లు. రెండు ఖాతాలూ మీ పేరుమీదే తెరుస్తాం, ఆ ఖర్చు మీదే. ఐఫోన్ వెర్షన్ అడిగేముందు మీ బడి పిల్లల ఇళ్లలో ఆ ఫోన్లు ఎన్నున్నాయో ఒకసారి కనుక్కోండి.