తాళాలిచ్చి వెళ్లండి, కానీ ఫోన్ ఎత్తండి

సంపాదకులకు నమస్కారం.

నేను ప్లంబర్‌ని. ఇంట్లో ఎవరూ లేనప్పుడు పనివాళ్లకు తాళాలివ్వొచ్చా అని చాలామంది అడుగుతుంటారు, జాగ్రత్తలు కూడా చాలానే చెబుతుంటారు, అవన్నీ ఇంటివాళ్ల వైపు నుంచే. ఆ ఖాళీ ఇంట్లో రోజంతా ఒక్కడే పని చేసుకునేవాడి వైపు నుంచి కూడా కొంచెం చెబుదామని ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఒకసారి బాత్‌రూమ్‌లో కుళాయి మార్చే పని పడింది. ఇంటాయన పొద్దున తాళాలు చేతిలో పెట్టి, "సాయంత్రానికల్లా అయిపోవాలి" అని ఆఫీసుకి వెళ్లిపోయారు. నేను మెయిన్ వాల్వ్ కట్టేసి, రెంచి పట్టి పాత కుళాయి తిప్పానో లేదో, దాంతోపాటు లోపలి జీఐ పైపు (జింక్ పూత ఉన్న ఇనుప పైపు) మర కూడా విరిగి వచ్చేసింది. టైల్ తీసి చూస్తే ఎల్బో దగ్గర, అంటే పైపు మలుపు తిరిగే జాయింట్ దగ్గర, పైపంతా తుప్పు, గోరుతో గీకితే పెచ్చులు రాలుతున్నాయి. దానికి కొత్త కుళాయి బిగిస్తే ఆ రాత్రే ఊడిపోతుంది. ఫోన్ చేశాను, ఎత్తలేదు. ఫోటో తీసి పంపాను, చూడలేదు. వాల్వ్ తిప్పితే ఇల్లంతా నీళ్లు, తిప్పకపోతే వాళ్లొచ్చేసరికి చుక్క నీళ్లుండవు. రెండు గంటలు ఆ బాత్‌రూమ్ గడప మీదే కూర్చుని, ఇక లాభం లేదని గోడకి గాడి కొట్టి పాడైన మేరకు పైపు మార్చాను.

సాయంత్రం ఆయన రాగానే అన్న మొదటి మాట, "గోడ పగలగొట్టమని నీకెవరు చెప్పారు?" తీసిన పైపు ముక్కను పేపర్లో పెట్టి ఉంచాను, చూపించాను, ఆయన కనీసం చేతిలోకి తీసుకోలేదు. ఎక్కువ చేసిన పనికి డబ్బులు రాలేదు, అది వేరే సంగతి, డబ్బుల కోసం కావాలనే పని పెంచానన్నట్టు చూసిన ఆ చూపు మాత్రం ఇప్పటికీ మర్చిపోలేకపోతున్నాను.

గోడలో ఏముందో విప్పేదాకా ఎవరికీ తెలియదండీ, ఎంత అనుభవం ఉన్నవాడికైనా. అందుకే తాళాలిచ్చేటప్పుడే, అనుకోనిది ఏదైనా బయటపడితే ఎవర్ని అడగాలో, ఎంతవరకు మమ్మల్నే నిర్ణయం తీసుకోమంటారో చెప్పి వెళ్లండి. మీరు మీటింగ్‌లో ఉంటే ఇంట్లో ఇంకొకరి నంబర్ ఇవ్వండి.

మా వాళ్ల తప్పులు లేవని నేననను. ఒప్పుకున్నవాడు ఒకడు, తాళాలు పట్టుకుని పనిలోకి వచ్చేది ఇంకొకడు, ఇంటివాళ్లకి మాట కూడా చెప్పరు, ఇది చాలా తప్పు. ఇంకోటి, కొత్త లైన్ వేశాక సీపీవీసీ (ప్లాస్టిక్) పైపుల అతుకులకు పూసిన సొల్యూషన్ ఆరాలి, తర్వాత నీళ్లు నింపి పంపుతో ప్రెజర్ పెట్టి, ఆ ప్రెజర్ చూపే మీటర్ ముల్లు కిందికి దిగకుండా నిలబడుతోందని చూశాకే గోడ మూయాలి. ఇంట్లో చూసేవాళ్లు లేరు కదా అనో, సాయంత్రానికల్లా అన్న టెన్షన్‌తోనో కొందరు ఆ టెస్ట్ ఎగ్గొట్టి సిమెంట్ పూసేస్తారు. ఆ లీకు అప్పటికప్పుడు కనిపించదు, కొన్ని నెలలకు పక్క గదిలో గోడ చెమ్మగిల్లి, రంగు పొంగినప్పుడు గాని తెలియదు. నేనైతే మూసేముందు కొలత తెలిసేలా పైపు లైను పక్కనే కొలత టేపు ఉంచి ఫోటో తీసి పంపుతాను, రేపు మేకు కొట్టాలన్నా అది పనికొస్తుంది. మీ ప్లంబర్‌ని కూడా ఆ ఫోటో, మీటర్ ఫోటో అడగండి, సరిగ్గా పని చేసినవాడు సంతోషంగా ఇస్తాడు.

బీరువాకి తాళం వేసుకోండి, మేమేమీ అనుకోం, నిజానికి మాకూ అదే నిశ్చింత. కెమెరా ఉంటే ఉందని ముందే చెప్పండి.

వెళ్లేముందు ఒక్క ఐదు నిమిషాలు ఆగి మెయిన్ వాల్వ్, మెయిన్ స్విచ్ ఎక్కడున్నాయో చూపించండి. మేం ఏ బాత్‌రూమ్ వాడుకోవచ్చో కూడా మీరే చెప్పండి. అది అడగడానికి మాకు మొహమాటం, చెప్పకుండా వాడితే ఏమనుకుంటారోనని పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఆపుకుని పని చేసిన రోజులు నాకే ఉన్నాయి.

ఇట్లు,
ఒక ప్లంబర్