2024-25 వార్షిక నివేదిక: బొమ్మల పుస్తకాల బీరువా, ఒక ఆదివారం, కొన్ని ఫిర్యాదులు

సభ్యులందరికీ నమస్కారం.

నివేదిక ఆలస్యంగా ఇస్తున్నందుకు క్షమించాలి. సర్వసభ్య సమావేశానికి పది రోజుల ముందే అందరికీ అందాలని మన నిబంధన. ఆ నిబంధన రాసిన కమిటీలో నేనూ ఉన్నాను కాబట్టి ఎవరూ గుర్తు చెయ్యనక్కర్లేదు. ఒడిశాలో ఉన్న పర్లాకిమిడిలో తెలుగు గ్రంథాలయం ఎందుకు, సంఘం ఎందుకు అన్నది మీకు కొత్తగా చెప్పేదేం లేదు. ఈ ఏడాది మన పనిలో ముప్పాతిక ఒక్క బీరువా చుట్టూనే తిరిగింది, నేరుగా దాని దగ్గరికే వస్తాను.

కిందటి వేసవిలో ఒక డ్రాయింగ్ మాస్టారి పిల్లలు ఫోన్ చేశారు. మాస్టారు పోయారు, ఇల్లు ఖాళీ చేస్తున్నారు. "పాత పుస్తకాలండీ, తూకానికి వేసేద్దామనుకుంటున్నాం, మీకేమైనా పనికొస్తాయా" అన్నారు. ఆటో వేసుకుని వెళ్ళాం, ఒక్క ట్రిప్పు చాల్లేదు. బైండు చేయించిన భారతి సంచికలు, యువ దీపావళి సంచికలు, చందమామల నుంచి విడదీసి అట్టలకి అంటించిన వడ్డాది పాపయ్య (వపా) గారి ముఖచిత్రాలు, ఇంగ్లీషులో రంగుల మీద, అక్షరాల మీద, కుండల మీద, చెక్కపని మీద పుస్తకాలు. వపా మన పక్క శ్రీకాకుళంలో 1921లో పుట్టినవారే, ఆ మాట చెప్తే ఇక్కడి పిల్లలు ఇప్పటికీ నమ్మరు. మాస్టారు ఒక్కో అట్ట వెనక పెన్సిల్‌తో చిన్న అక్షరాల్లో ఏదో ఒకటి రాసుకున్నారు. ఒకదాని వెనక "ఈ నీలం కింద ఎరుపు ఉంది, చూడు" అని ఉంది. నేను అరగంట చూశాను, నాకైతే కనబడలేదు. ఏడో తరగతి చదివే గుంటడొకడు చూసిన వెంటనే వేలు పెట్టి చూపించాడు.

ఆ గుంటడికి తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. బడిలో ఒడియా, ఇంగ్లీషు. మన పాఠకుల్లో పదిహేనేళ్ళ లోపు వాళ్ళందరిదీ ఇదే పరిస్థితి, కథల పుస్తకాలు ఎన్ని కొన్నా వాళ్ళు తెరవకపోవడానికి కారణం ఇదే. బొమ్మల పుస్తకాలు తెరుస్తున్నారు. తెరిచి, బొమ్మ కింద ఏం రాసి ఉందని అడుగుతున్నారు. చదివి వినిపించడానికి పక్కన ఒక మనిషి ఉండాలి. ఆ మనిషి సంగతి తర్వాత చెప్తాను, అక్కడ నాకు కోపం వస్తుంది.

ముందు చెమ్మ గురించి. తిత్లీ తుఫాను నాటి నుంచి, అంటే 2018 అక్టోబరు నుంచి, మన హాలు పడమటి గోడ ఆరిందే లేదు. బీరువా ఆ గోడకే పెట్టడం మన తప్పు, నా తప్పు కూడా. వానాకాలం అయ్యాక తీసి చూస్తే శిల్పాల పుస్తకం ఒకటి ఇటుకలా గట్టిపడి ఉంది. నున్నటి ఆర్ట్ పేపరుకి పైన సుద్దలాంటి పూత ఉంటుంది, అది తడిసి ఆరిందంటే పేజీ పేజీకీ అతుక్కుపోతుంది, లాగితే బొమ్మ ఊడి ఎదురు పేజీకి వెళ్ళిపోతుంది. మామూలు కాగితం పుస్తకాలు కాస్త ఉబ్బి, వంకరపోయి బతికాయి, ఖరీదైనవే పోయాయి. మిగిలినవాటిని కాపాడింది మా చిన్నత్త. తడి ఇంకా ఆరకముందే పేజీల మధ్య బటర్ పేపరు పెట్టి, ఫ్యాను కింద నిలబెట్టి, మూడు రోజులు ఒక్కో పేజీ తిప్పుతూ కూర్చుంది. ఆవిడ సంఘంలో సభ్యురాలు కూడా కాదు. ఇప్పుడు బీరువా తూర్పు గోడ దగ్గర, ఇటుకల మీద ఉంది, గోడకీ దానికీ మధ్య జానెడు ఖాళీ ఉంచాం. దయచేసి ఆ ఖాళీలో చీపుళ్ళు, మడత కుర్చీలు దూర్చకండి.

ఈ పుస్తకాలు ఇంటికి ఇవ్వాలా, ఇక్కడే చూడాలా అని ఆగస్టు కమిటీలో పెద్ద గొడవ అయింది, గొంతులు లేచాయి, మినిట్స్‌లో అదంతా రాయలేదు. చివరికి ఇంటికి ఇవ్వకూడదని తీర్మానించాం. అయితే తీర్మానాన్ని మొదట దాటిందీ నేనే. కొమ్ము పని చేసే ఇంటి కుర్రాడొకడు పక్షుల బొమ్మల పుస్తకం రాత్రికి కావాలన్నాడు. కొమ్ముతో కొంగలు చేస్తారు కదా, వాళ్ళ తాతల నాటి నుంచీ కొంగ మెడ ఒకే వంపు, ఇంకో వంపు కుదురుతుందేమో చూస్తానన్నాడు. ఇచ్చాను. మర్నాడు పుస్తకం అట్ట వేసి తిరిగిచ్చాడు, మనం ఎప్పుడూ వెయ్యనంత శుభ్రంగా. మన ఊరికి పేరు తెచ్చిన పని అది, చేసే ఇళ్ళు ఎన్ని మిగిలాయో మీకు తెలుసు. తీర్మానం ఉల్లంఘన కింద నా మీద చర్య తీసుకోదలిస్తే తీసుకోండి.

నెలకోసారి పుస్తకం మీద మాట్లాడుకునే ఆదివారాలు తొమ్మిది జరిగాయి. వాన్ గోగ్ ఉత్తరాల రోజు జనం బాగా వచ్చారు. 27వ ఏట బొమ్మలే జీవితమని నిర్ణయించుకుని 37 ఏళ్ళకి పోయినవాడు, అంతకాలం రంగులకీ గుడ్డకీ తిండికీ డబ్బు పంపింది తమ్ముడు తియో. మన అన్నదమ్ముల కథే అది. సూరత్ మరమగ్గాల మీద పన్నెండు గంటలు నిలబడి ఇంటికి డబ్బు పంపే తమ్ముళ్ళు గంజాం నిండా ఉన్నారు. "ఆ తమ్ముడు ఏటయ్యాడు బాబూ" అని వెనక నుంచి ఒక పెద్దాయన అడిగారు. అన్న పోయిన ఆరు నెలలకే పోయాడని చెప్తే కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

ఫిబ్రవరిలో చిత్రకారుడు దామెర్ల రామారావు పోయి వందేళ్ళయిన సందర్భంగా మాట్లాడుకున్నాం. 28 నిండకుండానే 1925లో మశూచితో పోయారు. రాజమండ్రిలో ఆయన పేరున ఉన్న ఆర్ట్ గ్యాలరీకి బస్సు వేద్దామని అనుకున్నాం, డబ్బు కట్టినవాళ్ళు పదకొండు మంది, బస్సు వెయ్యలేదు. డబ్బు తిరిగి ఇచ్చేశాం.

రంగుల ఆదివారం గురించి కాస్త చెప్పాలి. పారిస్‌లో గోబెలాన్ నేత కార్ఖానాలో అద్దకం పనికి షెవ్రల్ అనే రసాయన శాస్త్రవేత్త పెద్దగా ఉండేవాడు. నల్ల నూలు సరిగ్గా నల్లగా లేదని ఫిర్యాదు వస్తే రంగును పరీక్షించాడు, రంగులో లోపం లేదు. పక్కన నేసిన నీలాలు, ఊదాలు నలుపును వెలవెలబోయేలా చేస్తున్నాయి. దాని మీద 1839లో పెద్ద పుస్తకమే వేశాడు. ఇది చెప్పి, ఒకే బూడిద రంగు కాగితం ముక్కని ఎర్ర అట్ట మీదా పచ్చ అట్ట మీదా పెట్టి చూపిస్తే పిల్లలు రెండూ ఒకటి కాదని కొట్టుకున్నంత పని చేశారు. చూట్టానికి వచ్చిన బరంపురం పట్టు నేత పెద్దాయన మాత్రం నవ్వారు. "దీనికి పుస్తకమెందుకండీ, అంచు నూలు విడిగా చూసి ఎవడైనా రంగు ఒప్పుకుంటాడా? ఒంటి రంగు మీద పెట్టి, వాకిట్లోకి పోయి ఎండలో చూస్తాం" అన్నారు. వచ్చే ఏడు ఆయన చేతే మాట్లాడించాలి.

ఇక నవంబరు ఆదివారం. ఈ ఏడాది ఇంకేం చెయ్యకపోయినా ఇదొక్కటి చాలని నేను అనుకుంటున్నాను.

మాస్టారి పుస్తకాల్లో వెరియర్ ఎల్విన్ మధ్య భారత గిరిజన కళ మీద రాసి 1951లో అచ్చు వేసినది ఒకటుంది. అందులో మన చుట్టుపక్కల కొండల్లో ఉండే సవర గిరిజనుల గోడ బొమ్మలున్నాయి. ఎర్రమట్టి గోడ మీద బియ్యప్పిండితో వేసే ఇడితాల్, ఇప్పుడు చీరల మీదా, హోటళ్ళ గోడల మీదా, కాఫీ కప్పుల మీదా కూడా కనిపిస్తున్నవే. ఆ పుస్తకం ఆ బొమ్మలు వేసేవాళ్ళకి చూపిద్దామని ఉపాధ్యక్షులవారికి ఆలోచన వచ్చింది. గుమ్మ అనే ఊరి వైపు నుంచి ఒక సవర పెద్దాయన, ఆయన మేనల్లుడు వచ్చారు. పెద్దాయన సవరలో చెప్తే మేనల్లుడు ఒడియాలో, ఒడియా రానివాళ్ళ కోసం నేను తెలుగులో.

ఆయన పుస్తకం చాలాసేపు తిప్పారు. మనం ఆయన మురిసిపోతారని ఎదురుచూస్తున్నాం. ఒక బొమ్మ దగ్గర ఆగి, "ఇది ఎవరి ఇల్లు?" అన్నారు. బొమ్మ చుట్టూ గీసే చదరం అలంకారం కాదు, అది ఇల్లు, ఆ బొమ్మ ఎవరి కోసం వేశారో ఆ దేవుడో, పోయిన పెద్దవాళ్ళో వచ్చి ఉండటానికి. ఇంట్లో జబ్బు వచ్చినప్పుడో, పోయినవాళ్ళ కోసమో, పంటకో వేస్తారు. ఎవరి ఇల్లో తెలియకుండా బొమ్మ బాగుందో లేదో చెప్పడం కుదరదన్నారు. బొమ్మ కింద ఇంగ్లీషులో రాసింది నేను చదివి తెలుగులో అనుకుని ఒడియాలో చెప్తే, మేనల్లుడు సవరలో చెప్పాడు. ఆయన తల ఊపి తర్వాతి పేజీ తిప్పారు. అలా రెండు గంటలు. మధ్యలో టీ చల్లారిపోయింది, ఎవరూ లేవలేదు. కాఫీ కప్పుల మీద వేస్తున్నారని ఫోన్లో ఫోటో చూపిస్తే మాత్రం పెద్దాయన గట్టిగా నవ్వి ఏదో అన్నారు, మేనల్లుడు అది తిప్పి చెప్పనన్నాడు.

ఆ రోజు నాకు సిగ్గేసిన సంగతి కూడా రాయాలి. గిడుగు రామమూర్తి పంతులుగారు ఈ ఊళ్ళోనే, తెలుగు, సవర రెండూ వచ్చిన మనిషిని ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నారు, వ్యాకరణం రాశారు, నిఘంటువు చేశారు. ఏటా ఆగస్టు 29న మనం ఆయన ఫోటోకి దండ వేసి వాడుక భాష గురించి ఉపన్యాసాలిస్తాం. హాల్లో నలభై మందిమి ఉన్నాం, సవరలో "కూర్చోండి" అని చెప్పగలిగినవాడు ఒక్కడూ లేడు.

ఆ కార్యక్రమానికి ముఖ్య అతిథిగా వస్తానన్న అధికారి గంటన్నర ఆలస్యంగా వచ్చి, పెద్దాయన మాట్లాడుతుండగా మధ్యలో శాలువా కప్పి, ఫోటో దిగి, ఇంకో మీటింగుందని వెళ్ళిపోయారు. హాలు కప్పు బాగుచేయించడానికి మనం పెట్టుకున్న దరఖాస్తు ఫలానా చోట ఉందని ఒకసారి, ఫలానా చోట లేదని ఒకసారి, మళ్ళీ కొత్తగా ఇవ్వమని ఒకసారి చెప్పారు. మూడోసారి కూడా ఇచ్చాను. అందినట్టు రసీదు ఇవ్వమంటే అదేదో కొత్త కోరిక అన్నట్టు చూశారు.

ఇప్పుడు మనవాళ్ళ సంగతి. ఆదివారం హాలు తెరిచి పిల్లల పక్కన కూర్చోడానికి ఎనిమిది మంది పేర్లిచ్చారు, జాబితా గోడ మీదే ఉంది. జూన్‌లో ఎనిమిది మందీ వచ్చారు. దసరా నాటికి ముగ్గురు. డిసెంబరు నుంచి నేనూ, కోశాధికారిగారూ. వాట్సాప్‌లో "రేపు ఎవరు?" అని అడిగితే ఇరవై మంది బొటనవేలు చూపిస్తారు, ఆ బొటనవేళ్ళు తాళం తియ్యవు. పెళ్ళిళ్ళు, పరీక్షలు, ఊరెళ్ళడాలు అందరికీ ఉంటాయి, రాలేమని ముందురోజు చెప్తే చాలు. మార్చిలో ఒక ఆదివారం నేను జ్వరంతో పడుకుంటే ఆరుగురు పిల్లలు మెట్ల మీద పన్నెండు దాకా కూర్చుని వెళ్ళారని పక్కింటి అమ్మగారు చెప్పారు. దానికి నేను ఎవర్నీ తిట్టలేదు, ఇక్కడ రాస్తున్నానంతే.

లెక్కలు: ఆడిట్ అయింది, కాగితం నోటీసు బోర్డుకి పెట్టాం. చందాలు సగం వసూలయ్యాయి, విజయవాడ పుస్తక మహోత్సవంలో కొన్న పుస్తకాలకీ పార్సిల్‌కీ అనుకున్నదానికంటే ఎక్కువైంది, మిగులు కొంచెం ఉంది. ప్రశ్నలుంటే కోశాధికారిగారిని అడగండి, నన్ను కాదు.

ధన్యవాదాలు చెప్పాల్సినవాళ్ళు చాలామంది. పుస్తకాలిచ్చిన మాస్టారి కుటుంబానికి, గుమ్మ నుంచి రెండు బస్సులు మారి వచ్చిన పెద్దాయనకీ మేనల్లుడికీ, ప్రతి ఆదివారం డబ్బు తీసుకోకుండా టీ పంపుతున్న కోట దగ్గరి కొట్టు మావయ్యకి, పాతపట్నం బస్టాండులో మన పార్సిళ్ళు దించి వాన తగలకుండా ఆఫీసులో పెట్టించిన డ్రైవరుగారికి, అక్కడి నుంచి స్కూటర్ మీద మూడు ట్రిప్పులు తెచ్చిన కోశాధికారిగారికి, ఇంగ్లీషు పుస్తకాల పేర్లు తెలుగులో రాసి రిజిస్టరు చేసిన కాలేజీ అమ్మాయిలిద్దరికీ (ఒకమ్మాయికి విశాఖలో ఉద్యోగం వచ్చింది, సంతోషం, కానీ రిజిస్టరు 'మ' అక్షరం దగ్గర ఆగిపోయింది), ఇటుకలిచ్చిన మేస్త్రిగారికి, మా చిన్నత్తకి. పేరు మర్చిపోయినవాళ్ళు మీటింగులో లేచి అడగండి, అక్కడే చెప్తాను.

తాళం చెవి ప్రస్తుతం మా ఇంట్లో, గుమ్మం పక్క మేకుకి ఉంది. వచ్చే ఆదివారం నేను శ్రీకాకుళంలో పెళ్ళికి వెళ్తున్నాను, కోశాధికారిగారికి కంటి ఆపరేషన్. శనివారం సాయంత్రం ఏడు లోపల ఎవరైనా వచ్చి తీసుకోండి, మా ఆవిడ ఇంట్లోనే ఉంటుంది.

మీ కార్యదర్శి
పర్లాకిమిడి