కాకినాడ నావికా క్యాడెట్ల గురించి విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర విద్యాశాఖ మంత్రి గారికి,

కోనసీమ నుంచి ఒక విశ్రాంత అధ్యాపకుడు నమస్కరించి వ్రాయు విన్నపం.

కాకినాడ కేంద్రంగా విద్యార్థులకు శిక్షణనిచ్చే నేషనల్ క్యాడెట్ కోర్ (ఎన్‌సీసీ) నావికా విభాగపు యూనిట్ ఒకటి పనిచేస్తున్నదని గోదావరి జిల్లాల్లోనే చాలామందికి తెలియదు. తెలిసినవారు కూడా ఆ పిల్లలను జెండా పండుగనాటి కవాతులో తెల్లని దుస్తులతోనే గుర్తుపెట్టుకుంటారు. వారు నేర్చుకునేది అంతకంటే చాలా ఎక్కువ.

1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నంతోపాటు కాకినాడ మీద కూడా బాంబులు వేశాయి. ఆ యుద్ధకాలంలో నౌకాదళం తన సొంత బలగం చాలక, స్వచ్ఛంద రిజర్వు ద్వారా పౌరులను అధికారులుగా తీసుకున్నది. స్వాతంత్ర్యం వచ్చాక కుంజ్రూ కమిటీ సిఫార్సులను అనుసరించి 1948లో ఎన్‌సీసీ చట్టం వచ్చింది. 1952లో నావికా విభాగం మొదలైంది. క్యాడెట్లకు యుద్ధసేవ చేయవలసిన బాధ్యత చట్టంలో లేదు కనుక దీనిని రిజర్వు దళం అనడం సరికాదు. అయినా నీటిని ఎరిగిన, క్రమశిక్షణ కలిగిన పౌరులను తయారుచేయడంలో ఇది ఆ రిజర్వుకు దగ్గరి బంధువే.

తెడ్లు వేయడం, తెరచాప నడపడం, తాళ్ల ముడులు, జెండాలతో సంకేతాలు, ఓడల నమూనాల తయారీ వంటివి ఈ శిక్షణలో ఉంటాయి. హోప్ ఐలాండ్ అడ్డుగా నిలిచి అలలను ఆపడం వల్ల కాకినాడ తీరం ఇందుకు ఎంతో అనువైనది.

డెల్టాకు ఎగువన గోదావరిలో కచ్చులూరు వద్ద 2019 సెప్టెంబరు 15న పడవ మునిగి 50 మందికి పైగా మరణించిన రోజున, బతికినవారిని ముందుగా ఒడ్డుకు చేర్చినది స్థానిక గిరిజనులే. నౌకాదళం, జాతీయ విపత్తు స్పందన దళం (ఎన్డీఆర్ఎఫ్) గాలించిన ఆ సుడుల నుంచి అక్టోబరు 22న పడవను వెలికితీసినది, లంగర్లు, తాళ్లతో శ్రమించిన కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం. పెద్ద బలగాలు చేరేలోగా ప్రాణం నిలిపేది అక్కడివారి చేయే. వరద వస్తే లంక గ్రామాలకు పడవ తప్ప దారి లేని మా ప్రాంతంలో ఆ చేతులకు పద్ధతి ప్రకారం శిక్షణ ఉండడం విలాసం కాదు.

2020లో కేంద్రం సరిహద్దు, తీరప్రాంత జిల్లాలకు ఎన్‌సీసీని విస్తరిస్తామని, లక్షమంది కొత్త క్యాడెట్లలో మూడోవంతు బాలికలు ఉంటారని ప్రకటించింది. ఎన్‌సీసీ ఖర్చులో రాష్ట్రానికీ వాటా ఉంది. క్యాడెట్లను నడిపించే అసోసియేట్ అధికారులు మీ శాఖలోని అధ్యాపకులే. కనుక ఈ విస్తరణలో మీ పాత్ర చిన్నది కాదు.

అమలాపురం, రాజోలు, నరసాపురం వైపు మత్స్యకారుల బిడ్డలు చదివే కళాశాలల్లో నావికా విభాగం లేనిచోట దానిని ప్రారంభించేలా చూడండి. పోటుపాట్లు, నది సముద్రంలో కలిసే మొగల లోతు ఆ పిల్లలకు పుట్టుకతోనే తెలుసు. వారికి పడవలు, లైఫ్ జాకెట్లు, శిక్షణ పొందిన అధ్యాపకుడు కావాలి. రేవుల్లో ప్రయాణికులకు లైఫ్ జాకెట్ల వాడకం నేర్పే పనిని కూడా, జిల్లా యంత్రాంగం పర్యవేక్షణలో, క్యాడెట్లకు అప్పగించవలసిందిగా కోరుతున్నాను. వచ్చే విద్యాసంవత్సర ప్రవేశాలు మొదలయ్యేలోగా మీ నిర్ణయం వెలువడితే ఈ ఏడాది ఇంటర్ పూర్తిచేస్తున్నవారికీ అవకాశం దక్కుతుంది.

భవదీయుడు,
కోనసీమకు చెందిన విశ్రాంత అధ్యాపకుడు