బాస్ అన్న మాట డబ్బా మీద మాత్రమేనా?

సంపాదకులకు నమస్కారం.

మా అబ్బాయి పెరంబూరులో లోకల్ ఎక్కి అంబత్తూరులో పనికి పోతాడు. రైలెక్కింది మొదలు చెవుల్లో పాటలే. ఏడాదిలో మూడు ఇయర్‌ఫోన్లు కొన్నాడు, మూడూ అయిదు వందల లోపువే. ‘బాస్ లేదు నాన్నా, రేకు డబ్బా కొట్టినట్టుంది’ అంటూ ఒక్కొక్కటే సొరుగులో పడేశాడు. బాస్ అంటే పాటలో దిమ్ముమని మోగే కింది స్వరాలు. నాలుగోది కొనడానికి ఎలక్ట్రానిక్ సామాన్ల కొట్లుండే రిచీ స్ట్రీట్‌కు నన్ను వెంటబెట్టుకుపోయాడు. అక్కడ చూసినదాని వల్లే ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఒక కొట్టులో పది డబ్బాలు ముందు పరిచారు. ఒకదాని మీద ఎక్స్‌ట్రా బాస్, ఇంకోదాని మీద సూపర్ బాస్. ఎమ్మార్పీ 1,999 అని ఉన్నది 450కి ఇస్తానన్నాడు. ఒక్కసారి విని చూస్తామంటే ‘సీలు తీస్తే కొన్నట్టే సార్’ అన్నాడు. బిల్లు అడిగితే నవ్వాడు. చెప్పులు కొన్నప్పుడు కాలు పెట్టి, నాలుగడుగులు వేసి చూస్తాం. చెవిలో పెట్టుకునేదానికి ఆ భాగ్యం లేదు. ఇంకొకరి చెవిలో పెట్టినది ఎవరు కొంటారని వాళ్ల బాధ, అదీ నిజమే. కానీ రకానికొకటి నమూనాగా ఉంచి, చెవిలోకి పోయే రబ్బరు టిప్పు తుడిచి ఇస్తే సరిపోదా?

పోనీ డబ్బా చదివి కొందామా అంటే, అన్నిటి మీదా ఒకే మాట: 20 నుంచి 20,000 హెర్ట్జ్. అది మామూలుగా మనిషి చెవి వినగలిగే పరిధి. ఆ పరిధిలో ఏ స్వరం ఎన్ని డెసిబెల్స్ హెచ్చుతగ్గులతో పలుకుతుందో రాయకపోతే ఆ అంకెకు విలువ లేదు. డ్రైవర్, అంటే లోపలుండే చిన్న స్పీకరు, 10 మిల్లీమీటర్లు అన్నంత మాత్రాన బాస్ బాగుంటుందనీ లేదు.

ఏమీ కొనకుండా ఇంటికొచ్చాం. పక్కింట్లో మృదంగం నేర్పే పెద్దాయన ఉన్నారు. సంగతి విని, సొరుగులోంచి మొదటి ఇయర్‌ఫోన్ తీయించారు. డబ్బాలో వాడకుండా మిగిలిపోయిన పెద్ద సైజు రబ్బరు టిప్పులు తొడిగి, ‘ఇప్పుడు పెట్టుకో బాబూ’ అన్నారు. వాడి ముఖం చూడాలి! అదే పాట, అదే ఫోను, బాస్ మాత్రం దిమ్మున మోగింది. చెవి రంధ్రానికి, టిప్పుకు మధ్య సందుంటే ముందుగా జారిపోయేది కింది స్వరాలేనట. ‘మృదంగం ఎడమ మూతకు రవ్వ ముద్ద పెట్టకుండా గుంకీ పలకమంటే పలుకుతుందా?’ అని అడిగారాయన. గుంకీ అంటే ఆ ఎడమ వైపు పలికే గంభీరమైన కింది నాదం. వేలితో ఇయర్‌ఫోన్‌ను మెల్లగా అదిమి చూడాలి, బాస్ పెరిగితే టిప్పు చిన్నదైనట్టు లెక్క. ఈ ఒక్క ముక్క మేం కొన్న ఏ డబ్బాలోనూ ఎందుకు రాయలేదో నాకు అర్థం కాలేదు.

ఇది పాటల సరదాతో పోయేది కాదు. రైలు రొద కూడా కింది స్వరమే, అది బాస్‌ను కప్పేస్తుంది. టిప్పు వదులైతే ఆ రొద లోపలికొస్తుంది, ఉన్న బాస్ బయటికి పోతుంది. కుర్రాళ్లు చేసేది ఒక్కటే, వాల్యూమ్ పెంచడం. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 80 డెసిబెల్స్‌తో వారానికి 40 గంటలు వినొచ్చు. అదే 90 అయితే 4 గంటలే. రోజూ రానూపోనూ రైల్లో వినేవాడికి ఆ నాలుగు గంటలు ఎన్నాళ్లొస్తాయి?

మిగిలిన రెండు ఇయర్‌ఫోన్లకు పెద్ద టిప్పులు తొడిగినా ఆ రేకు మోతే, వాటి సరుకే అంత. కొనకముందే ఆ సంగతి తెలిసే దారి ఉండాలి కదా. తయారీదారు లేదా దిగుమతిదారు పేరు, చిరునామా, తయారైన నెల, సంవత్సరం, ఎమ్మార్పీ డబ్బా మీద ఉండాలని తూనికలు కొలతల నిబంధనలు ఇప్పటికే చెబుతున్నాయి. ఆ రోజు నేను తిరగేసిన రెండు డబ్బాల మీద చిరునామానే లేదు. అధికారులు ముందు దాన్ని తనిఖీ చేయాలి. ఆపైన, బాస్ అని పెద్దక్షరాలతో అచ్చేసేవాడు ఏ స్వరం ఎంత పలుకుతుందో కొలిచి చూసిన గ్రాఫ్ కూడా పక్కన వేయాలనీ, టిప్పు సరిచూసుకునే పద్ధతి బొమ్మతో పెట్టాలనీ నిబంధన తేవాలి. బిల్లు ఇవ్వని కొట్టు తగిలితే మనలాంటివాళ్లు ఊరుకోకుండా 1915కు, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు, ఫోన్ చేయొచ్చు. నేను ఆ రోజు ఆ పని చేయకుండా వచ్చేశాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
పెరంబూరు, చెన్నై