చంద్రపూర్ కోట గోడ పక్కన బతికేవాళ్ల తరఫున మంత్రి గారికి బహిరంగ లేఖ

అయ్యా, నమస్కారం.

మహారాష్ట్రలోని చంద్రపూర్ పాత పట్టణం నుంచి రాస్తున్నాను. కోటల సంరక్షణ చూసేది మీరే కాబట్టి పాత కట్టడాల రక్షణ చట్టం గురించి, గోడ మరమ్మతుల గురించి మీకు కొత్తగా చెప్పేదేం లేదు. అర్జీలకు జవాబు రాక ఇలా అందరి ముందూ అడగాల్సి వస్తోంది.

ఆ చట్టం ప్రకారం కోట గోడకు 100 మీటర్ల లోపల కొత్తగా ఏమీ కట్టకూడదు, పాతింటికి మరమ్మతు చేసుకోవాలన్నా అనుమతి కావాలి. సరే, ఒప్పుకుంటాం. కానీ ఆ అనుమతి ఎప్పటికి వస్తుంది? మా ఇంట్లో వెనక గది కప్పు కురుస్తోంది. అడిగిన కాగితాలన్నీ పెట్టాం. ఒక ఆఫీసుకు పోతే ఇంకో ఆఫీసుకు పొమ్మంటారు, అక్కడికి పోతే సారు క్యాంపులో ఉన్నారంటారు. వాన పడిన రాత్రి మా అమ్మ మంచం ఏ మూలకు జరపాలో తెలియక మేలుకొని కూర్చుంటాం. పక్కింటివాళ్లు మరుగుదొడ్డి కట్టుకుందామని గుంత తవ్వితే నోటీసు వచ్చింది, ఆ గుంత ఇంకా అలాగే ఉంది. ఇల్లు అమ్ముదామన్నా కొనేవాడు రాడు. బొగ్గు గనుల్లో పనికి కరీంనగర్ వైపు నుంచి వచ్చిన మా తాతలు చెమటోడ్చి కొన్న జాగాలు ఇవి.

ఇంత చేసినా గోడన్నా బాగుంటే ఓర్చుకుంటాం. మీరే ఒకసారి వచ్చి చూడండి. రాళ్ల సందుల్లో రావి మొక్కలు మానులవుతున్నాయి. వానాకాలం వస్తే ఏ రాయి ఎప్పుడు జారుతుందో అని టెన్షన్. గోడ ఎక్కి పిచ్చిచెట్లు కొట్టి, చెత్త ఎత్తింది ఎవరు? 2017లో ఈ ఊరి యువకులే నెలల తరబడి ఆ పని చేశారు.

15వ శతాబ్దంలో గోండు రాజు ఖాండ్క్యా బల్లాళ్ షా ఈ ఊరికి పునాది వేశాడు. ఒళ్లంతా కురుపులతో బాధపడే ఆ రాజు వేటకొచ్చి ఝర్‌పట్ వాగు నీళ్లతో కడుక్కుంటే నయమైందని చెబుతారు. అక్కడే కుందేలు కుక్కను తరమడం చూశాడట, ఆ కుందేలు తిరిగిన దారి వెంటే గోడ గీత పడిందట. ఆయన మొదలుపెట్టిన గోడను తర్వాతి రాజులు పూర్తి చేశారు. నాలుగు దర్వాజాలు, అయిదు ఖిడ్కీలు (చిన్న ద్వారాలు) ఇప్పటికీ ఉన్నాయి. 1751లో గోండు రాజ్యం పోయినా ఊరు నిలబడింది. ఆ వంశం తొలి రాజధాని ఇప్పటి తెలంగాణలో ఉన్న సిర్పూర్ అంటారు, అక్కడి నుంచి బల్లార్‌పూర్, ఆ తర్వాత ఇక్కడికి. మా ఊరి లాల్‌పేట్‌లో సగంలో ఆగిన పెద్ద పెద్ద రాతి విగ్రహాలను చెక్కించింది కూడా రాయప్ప అనే కోమటి అనే చెప్పుకుంటారు. చైత్రంలో మహాకాళి జాతరకు తెలంగాణ నుంచి వేలమంది వస్తారు. ఈ ఊరికి పునాది వేసిన రాజు ఎవరో వాళ్లకు చెప్పే తెలుగు బోర్డు ఒక్కటి పెట్టమని కూడా అడిగాం. చూస్తామన్నారు. ఇంకా చూస్తూనే ఉన్నారు.

మాకు చట్టం మీద కోపం లేదయ్యా. గోడ పోతే మా ఊరే పోయినట్టు. మరమ్మతు అర్జీలకు ఇన్ని రోజుల్లో జవాబు అని గడువు పెట్టండి. కాదంటే కాదని రాసివ్వండి, ఎందుకు కాదో కూడా రాయండి. ఈ వానాకాలం లోపల కనీసం ఇళ్ల మీదికి ఒరిగిన చోటయినా రాళ్లు సరిచేయించండి. మా అమ్మ గది కప్పు సంగతి కూడా దయచేసి చూడండి.

ఇట్లు,
పఠాన్‌పురా దర్వాజా దగ్గరి నివాసి